ఐస్‌బాక్స్ ఎవరు?

“ఇంకోసారి చదువు,” అన్నాడు దేవకుమార్.

“డాడీ, మంగళవారం నుంచీ అదే చదువుతున్నా.”

“చదవమంటే చదువమ్మా.”

జెమీమా వంటింటి గట్టు మీద మోచేతులు ఆనించి బర్చ్‌లేక్ జట్టు అభిమానుల ఫోరమ్ తెరిచి ఉన్న ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది. దీనమ్మ స్టవ్ దగ్గర పలావుకి ఉల్లిపాయలు వేయిస్తోంది. సాయంత్రం ఆరింటికి వాళ్ళింట్లోనే కుటుంబ ప్రార్థన. ఇంటి మీద పిడుగు పడ్డా శుక్రవారం ప్రార్థనా ఆగదు, పలావూ ఆగదు.

“‘మన కిక్కర్ ఎవాన్ పోయిన శనివారం స్టోన్‌రిడ్జ్ వెళ్ళాడు. రహస్యంగా. అక్కడి కోచ్ తనే మోకాలి మీద కూర్చుని బాల్ పట్టుకుని, పిల్లాడి చేత తన్నించాడు. అతనికి ఎవాన్ తెగ నచ్చేశాడు. బర్చ్‌లేక్ వాళ్ళు ఇకనైనా మేలుకుంటే మంచిది.’ రాసింది ఐస్‌బాక్స్.”

“కింద ఏమంటున్నారు?”

“ఏమంటారు, తిడుతున్నారు. ‘పక్క రాష్ట్రం గడప తొక్కినవాడు మనకెందుకు?’ అని ఒకాయన. ‘ఇండియానాలో ఇంకో అబ్బాయి ఉన్నాడు, వాడి కాలు ఇంకా గట్టిది’ అని ఒకాయన. ‘కిక్కర్ కోసం ఇంత గోలేంటి’ అని ఒకాయన. ఇంకా చాలామంది, ‘ఐస్‌బాక్స్ చెప్పాడంటే నిజమే, ఆయన మాట ఎప్పుడూ తప్పలేదు’ అని.”

“అదీ సంగతి,” అన్నాడు దేవకుమార్. “ఆయన మాట తప్పదు. ఎందుకు తప్పదు? మన కార్లో కూర్చుని, మన ఇంట్లో తిని, మన సంగతులు రాస్తాడు గనక.”

“ఎవరి గురించండీ మీరనేది?” అంది దీనమ్మ, వెనక్కి తిరక్కుండానే.

“నీకు తెలీదా? స్టోన్‌రిడ్జ్‌కి వాణ్ణి కార్లో తీసుకెళ్ళింది ఎవరు?”

 ఉల్లిపాయలు ఇంకాస్త ఎర్రబడితే మాడిపోతాయి. దీనమ్మ మంట తగ్గించింది.

అమెరికా ఫుట్‌బాల్ అంటే పేరుకే ఫుట్‌బాల్. అందరూ బంతిని చేత్తో పట్టుకుని ఒకరి మీద ఒకరు పడుతుంటారు. కాలితో తన్ని రెండు స్తంభాల మధ్యనుంచి పంపే పని జట్టు మొత్తానికి దాదాపు ఒక్కడిదే. ఆ ఒక్కణ్ణే కిక్కర్ అంటారు. సాకర్ ఆడుకునే దేవకుమార్ కొడుకు ఎవాన్, వాళ్ళుండే నోవై ఊరి హైస్కూల్లో ఆ పనికి దొరికాడు, దొరికి నిలబడ్డాడు. బర్చ్‌లేక్ యూనివర్సిటీలో వచ్చే ఏడాదికి కిక్కర్ చోటు ఒక్కటంటే ఒక్కటే ఖాళీ. వేసవిలో దాన్ని ఎవాన్‌కి ఇస్తామన్నారు. స్కాలర్‌షిప్ సంగతి మాత్రం రెండో ఏడు చూద్దామన్నారు. షరతు ఒకటే. మాట ఇచ్చుకున్నాక ఇంకో కాలేజీ వైపు తొంగి చూడకూడదు. చూస్తే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

ఎవాన్ చూశాడు. చూడమన్నది తండ్రే. “పిలిచారు కదా, వెళ్ళి చూసిరావడంలో పోయేదేముంది” అన్నాడు. ఆ శనివారం తనకి ఆఫీసులో పని పడిందని, స్టోన్‌రిడ్జ్ ఉన్న ఒహాయో దాకా కారు నడిపే బాధ్యత రఘుకి అప్పజెప్పాడు.

నిజానికి రఘు అంటే ఆ ఇంట్లో ఎవరికీ పరాయి కాదు. దేవకుమార్ పనిచేసే కార్ల కంపెనీలోనే పని. కరీంనగర్ వాడు. ఇద్దరికీ ఆ ఆట పిచ్చి. సీజన్ వస్తే చాలు, ఇద్దరూ బర్చ్‌లేక్ ఆకుపచ్చ టోపీలు పెట్టుకుని బేస్‌మెంట్‌లో చేరతారు. పెళ్ళిసంబంధాలు చూసే పెద్దల్లా ఊరూరా ఉన్న హైస్కూలు కుర్రాళ్ళ ఎత్తూ బరువూ ఇంటివాళ్ళ గుణగణాలూ మాట్లాడుకుంటారు. టెక్సాస్‌లో ఆ బండవాడు మనకొస్తాడా, స్టోన్‌రిడ్జ్ వాళ్ళు ఎత్తుకుపోతారా అని దెబ్బలాడుకుంటారు. ఐస్‌బాక్స్ అనే పేరు ముందుగా ఆ ఇంట్లో వినిపించింది రఘు నోటివెంటే. “అన్నా, ఈ ఐస్‌బాక్స్ ఎవడో గని, కోచ్ జేబుల కూసున్నట్టు చెప్తడే,” అని మురిసిపోయేవాడు. దేవకుమార్ నవ్వి ఊరుకునేవాడు.

గ్యారేజ్ తలుపు తెరుచుకుంది. ఎవాన్ లోపలికొచ్చాడు. బూట్లకి మంచు. మంచులో తన్నడం అలవాటు చేసుకోవాలని రోజూ చర్చి పార్కింగ్ లాట్‌కి వెళ్తాడు. ఈరోజు సంచిలోంచి బంతి తీసినట్టే లేదు.

“కోచ్ టెక్స్ట్ చేశాడు,” అన్నాడు. “సెవెన్‌కి కాల్ చేస్తాడు. డెసిషన్ చెప్తాడు.”

గరిటె ఆగిపోయింది. జెమీమా ఫోన్ దించింది.

“బర్చ్‌లేక్ కోచేనా?”

“ఇంకెవరు మమ్మీ?”

దేవకుమార్ కొడుకు దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. “చూడు నాన్నా. అడిగితే ఏం చెప్తావ్? ఫ్యామిలీ ఫ్రెండ్ ఒకాయన తీసుకెళ్ళాడు, ఆయనే మాకు తెలీకుండా రాశాడు, అని చెప్పు. అయిపోయింది.”

“రఘు అంకుల్ రాయలేదు.”

“నీకెలా తెలుసు?”

“నేను అడిగాను. అంకుల్ ప్రామిస్ చేశాడు.”

“ప్రామిస్‌దేముందిరా, ఎవరైనా చేస్తారు. పేరు చెప్పొద్దులే, ఫ్రెండ్ అంటే చాలు.”

ఎవాన్ తండ్రి చెయ్యి నెమ్మదిగా తీసేశాడు. “సీట్ పోతే నాది పోతుంది డాడీ. మీది కాదు. అంకుల్ మీద పెట్టి నేను తీసుకోను.”

మెట్లెక్కి పైకి వెళ్ళిపోయాడు. వాడి తెలుగు పొట్టి తెలుగు. ఆ పొట్టి మాటలే దీనమ్మకి ఎక్కడో గుచ్చుకున్నాయి.

“ఇంకో మాట,” అన్నాడు దేవకుమార్ గొంతు తగ్గించి. “ఏడింటికి కాల్ వస్తుందని రఘు ముందు ఎవరూ ఎత్తకండి. జెమ్మీ, విన్నావా? మళ్ళీ అది కూడా ఎక్కించేస్తాడు.”

బయట వ్యాన్ ఆగిన చప్పుడైంది.

రఘు మడత కుర్చీలు దించుతున్నాడు. చర్చిలో చోటు చాలక ఆ కుర్చీలు రఘు గ్యారేజ్‌లోనే ఉంటాయి. తనది ఆ మతం కాకపోయినా, ప్రతి శుక్రవారం కుర్చీలు తెచ్చి వెయ్యడం, ఆఖర్న పలావు తిని పోవడం అతనికి అలవాటైపోయింది. ఈరోజు పొద్దున దేవకుమార్ ఫోన్లో నానా మాటలూ అన్నా, కుర్చీలు మాత్రం టైముకి తెచ్చాడు.

నాలుగు కుర్చీలు చంకన పెట్టుకుని లోపలికొచ్చి, వాటిని గోడకి ఆనించి, టోపీ తీశాడు.

“అన్నా, ఫోన్ల అన్నది అన్నవ్. ఇప్పుడు నా మొకం చూసి అను.”

“అంటా. నాకు భయమేంటి? నలుగురికి తెలుసు వాడు స్టోన్‌రిడ్జ్ వెళ్ళినట్టు. మేం ముగ్గురం, నువ్వు. మేం రాయలేదు.”

“నన్ను లెక్కల పెట్టినవ్, జెమ్మీని మరిచినవ్.”

“నేనా?” అంది జెమీమా. “అంకుల్!”

“తమాషాకన్న బిడ్డా.” రఘు నవ్వలేదు. “అన్నా, ఆ పోస్టుల ఏమున్నది? కోచ్ మోకాలి మీద కూసొని బాల్ పట్టిండని ఉన్నది. నేను లోపలికి పోలే. పార్కింగ్ లాట్ల హీటర్ ఏసుకొని పండుకున్న. పిలగాడు వచ్చి కార్ల కూసున్నడు, నిద్రవొయిండు. నోవై వచ్చేదాంక లేవలే. కోచ్ బాల్ పట్టిన ముచ్చట నాకు ఆ పోస్టు చదివినంకనే ఎరుక. ఎవాన్ ఆ ముచ్చట ఎవరికి చెప్పిండు? ఎక్కడ చెప్పిండు?”

 చెప్పింది ఈ బల్ల దగ్గరే. ఆదివారం భోజనాల దగ్గర. లేచి నిలబడి, ఆ కోచ్ ఎలా కూర్చున్నాడో చేసి మరీ చూపించాడు. అందరూ నవ్వారు. దేవకుమార్ ఇంకోసారి చెప్పించుకుని నవ్వాడు.

“అంటే ఏంటి రఘూ, మా ఇంట్లోవాళ్ళే రాశారంటావా?” దేవకుమార్ గొంతు లేచింది. “నా కొడుకు నోటి దగ్గర కూడు నేనే తీస్తానా? వాళ్ళమ్మ తీస్తుందా?”

“నేనెవరి పేరూ తియ్యలే అన్నా. పేర్లు తీస్తున్నది నువ్వు.”

“ఆ ఫోరమ్‌లో పొద్దూ మాపూ పడుండేది నువ్వే కదా!”

“ఉంట. దాస్తనా? నా పేరు పెట్టుకొని ఉంట. ఐస్‌బాక్స్, మంచుగడ్డ అని దొంగపేర్లు పెట్టుకోలే.” రఘు టోపీని చేతుల్లో నలిపాడు. “మీవోడు ఫస్ట్‌టైమ్ తన్నిన నాడు వీడియో తీసింది నేను. ఆ వీడియో చూసే బర్చ్‌లేక్ వాళ్ళు ఫోన్ చేసిండ్రు. యాదికున్నదా? వదినా, మిగిలిన కుర్చీలు వ్యాన్ల ఉన్నయ్. పెట్టి పోత.”

“పోవడమేంటి, ప్రార్థనకి ఉండు రఘూ,” అంది దీనమ్మ. తన గొంతు తనకే వింతగా వినిపించింది. “నా మాట కోసం ఉండు.”

రఘు తలూపి బయటికి నడిచాడు. దీనమ్మ అతని వెనకే చూస్తూ ఉండిపోయింది.  ఆమెకి సోమవారం పొద్దున గుర్తొచ్చింది.

సోమవారం పొద్దున ప్రేయర్ లైన్. రోజూ తెల్లారగానే ఏయే రాష్ట్రాల్లోనో ఉన్న తెలుగు విశ్వాసులంతా ఒకే నంబరుకి ఫోన్ చేసి కలిసి ప్రార్థన చేసుకునే లైను అది. ఎవరి మనవి వాళ్ళు చెప్పుకుంటారు. ఒకరికి వీసా, ఒకరికి కాన్పు, ఒకరికి ఉద్యోగం. మనవి అన్నాక వివరంగా చెప్పాలి. పైపైన చెబితే ప్రార్థించేవాళ్ళకి భారం కలగదని దీనమ్మ నమ్మకం. అందుకే స్టోన్‌రిడ్జ్ పేరు చెప్పింది. కోచ్ మోకాలి మీద కూర్చున్న సంగతి చెప్పింది. “ఏ తలుపు దేవుడిదో మాకు తెలియాలని ప్రార్థించండి” అంది. అవతల ఎంతమంది విన్నారో ఎవరు చూడొచ్చారు? డల్లాస్ వాళ్ళున్నారు, కొలంబస్ వాళ్ళున్నారు. అందరిళ్ళలోనూ కాలేజీ ఆటలు చూసే పిల్లలున్నారు.

మంగళవారం మధ్యాహ్నానికల్లా ఐస్‌బాక్స్ రాసేశాడు.

అంటే తనే. తన నోరే. దీనమ్మ స్టవ్ ఆపేసింది.

దేవకుమార్ లాండ్రీ గదిలో ఇస్త్రీ చొక్కా వెతుక్కుంటున్నాడు. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసింది.

“ఏవండీ, రఘు కాదు. నేనే.”

అతను చొక్కా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. “నువ్వేంటి?”

చెప్పింది. ఏడుపు ఆపుకుంటూ అంతా చెప్పింది. ఏ మాట అన్నదో, ఏ మాట అనాల్సింది కాదో, అంతా. “నా కొడుకు సీటు నేనే తీశాను. దేవుడి దగ్గర చెప్పుకుంటున్నాననుకున్నాను గానీ, ఊరందరికీ చెప్తున్నానని అనుకోలేదు. అనవసరంగా రఘుని అన్ని మాటలన్నాం.”

ఆమె తిట్లకి సిద్ధపడే వచ్చింది. ఈయన తిడితే కాస్త బరువు దిగుతుందనుకుంది.

దేవకుమార్ తిట్టలేదు.  అతని భుజాలు కిందికి జారాయి. మొహంలో ఏదో బిగువు సడలింది.

“సర్లే,” అన్నాడు. “అయిందేదో అయింది. నువ్వు కావాలని చేశావా? ఏడవకు.”

“కోపం రాలేదా మీకు?”

“నీ మీద కోపమేంటి దీనా.” ఆమె తల నిమిరాడు. అలా నిమిరి ఎన్నాళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. ఆ క్షణాన ఆమెకి భర్త మీద ప్రేమ పొంగుకొచ్చింది.

“అయితే ఇప్పుడే వెళ్ళి రఘుకి సారీ చెబుదాం. కోచ్‌తో కూడా నేనే మాట్లాడతా.”

“వద్దొద్దు.” చెయ్యి టక్కున తీశాడు. “ఇప్పుడు కాదు. అసలు ఎవరికీ చెప్పకు. అందరి నోళ్ళలో నువ్వెందుకు పడడం? నేను చూసుకుంటా కదా.”

“మరి రఘు?”

“వాడి సంగతి తర్వాత.”

చొక్కా తొడుక్కుని, గుండీలు పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు. పోతూ పోతూ వంటింట్లో ఓ గారె నోట్లో వేసుకున్నాడు. పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా తాగని మనిషి.

దీనమ్మ అక్కడే నిలబడింది. క్షమించడం సరే. ఇంత సులువుగానా? పోయిన నెల కారుకి గీత పడితే మూడు రోజులు మాట్లాడని మనిషి. కొడుకు భవిష్యత్తుకే గీత పడితే తల నిమిరాడు. ఆమెకి సంతోషం వేసిన చోటే ఎందుకో చలి వేసింది. ఛీ, నేనేంటి ఇలా అనుమానిస్తున్నాను అని కళ్ళు తుడుచుకుంది.

ఆరింటికల్లా హాలు నిండింది. బూట్లూ కోట్లూ గుమ్మం దగ్గర గుట్టపడ్డాయి. ప్రార్థన వేళకి పిల్లల ఫోన్లన్నీ ఫ్రిజ్ మీదున్న స్టీలు డేక్సాలో పడాలన్నది దీనమ్మ పెట్టిన రూలు. ఎవాన్ తన ఫోన్ అందులో వెయ్యడానికి కాస్త తటపటాయించి, రింగ్ సౌండ్ పెంచి వేశాడు. పెద్దవాళ్ళకి ఆ రూలు లేదు.

రఘు వెనక, కోట్ల పక్కన కూర్చున్నాడు. టోపీ మోకాలి మీద, రెండు చేతులూ టోపీ మీద. దేవకుమార్ ముందు వరసలో, పెద్ద బైబిల్ ఒళ్ళో పెట్టుకుని. అతను వచ్చినవాళ్ళందరినీ పలకరించాడు, ఒక్క రఘుని తప్ప. పలకరింపుల మధ్య ఒకరిద్దరు పెద్దలు వెనక్కి తిరిగి రఘు వంక చూడడం దీనమ్మ గమనించింది. అంటే ఈయన అప్పుడే చెవుల్లో ఊదేశాడన్నమాట. తను చేసిన తప్పుకి ఆ అబ్బాయి తల దించుకుని కూర్చున్నాడు. కూటం అయ్యేలోగా లేచి నిజం చెప్పేస్తాను, ఈయన ఏమనుకుంటే అనుకోనీ అని ఆమె గట్టిగా నిర్ణయించుకుంది.

పాటలయ్యాయి. వాక్యం అయింది. పాస్టర్ గారు గడియారం వంక చూసి, “ఇప్పుడు అందరం కళ్ళు మూసుకుని గొంతెత్తి ప్రార్థిద్దాం. ముఖ్యంగా ఎవాన్ బాబు కోసం,” అన్నారు.

ఒక్కసారిగా గది నిండా గొంతులు లేచాయి. ప్రభువా అని ఒకరు, స్తోత్రమని ఒకరు, ఎవరి మాటలు వారివి. దీనమ్మ కళ్ళు మూసుకుంది.  నిజం చెప్పే ధైర్యం ఇవ్వు తండ్రీ అని మాత్రం అనుకుంది.

మోచేతి దగ్గర చిన్న పోటు. జెమీమా.

“మమ్మీ,” చెవిలో అంది. “ఐస్‌బాక్స్ మళ్ళీ రాశాడు. జస్ట్ నౌ.”

పాటల పుస్తకంలో ఫోన్ దాచుకుంది దొంగపిల్ల. తర్వాత చెప్తా నీ పని అనుకుంటూనే దీనమ్మ అటు చూసింది.

‘ఈ రాత్రి ఏడింటికి బర్చ్‌లేక్ కోచ్ ఎవాన్ ఇంటికి ఫోన్ చేస్తున్నాడు. పూర్తి స్కాలర్‌షిప్ ఇస్తే ఉంటాడు. లేదా స్టోన్‌రిడ్జ్ ఎగరేసుకుపోతుంది. చూస్తూ ఉండండి.’

దీనమ్మ రెండుసార్లు చదివింది.

ఏడింటి ఫోన్. ఆ కబురు ఇంట్లోకి వచ్చింది ఇవాళ సాయంత్రం. ప్రేయర్ లైన్లో ఆమె చెప్పింది సోమవారం. డల్లాస్ వాళ్ళకీ కొలంబస్ వాళ్ళకీ ఈ ఫోన్ సంగతి తెలిసే దారే లేదు. రఘుకి ఎవరూ చెప్పలేదు. ఎవాన్ ఫోన్ ఫ్రిజ్ మీద డేక్సాలో ఉంది. జెమీమా ఫోన్ తన కళ్ళముందే ఉంది.

తను కాదు. తన నోరు కాదు. ఒక్క క్షణం గుండె తేలికపడింది. మరుక్షణమే, అయితే ఇంకెవరు అన్న ప్రశ్న వచ్చి దాని మీద కూర్చుంది.

ఆమె తల ఎత్తింది. గదంతా కళ్ళు మూసుకుని ఉంది. వెనక రఘు కూడా కళ్ళు మూసుకున్నాడు, చేతులు టోపీ మీదే ఉన్నాయి. ఎవాన్ అరచేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

ముందు వరసలో దేవకుమార్ పెదవులు కదులుతున్నాయి. అందరికంటే గట్టిగా ప్రార్థిస్తున్నాడు. ఒళ్ళో బైబిల్. బైబిల్ అట్ట కింద అతని బొటనవేలు. ఆ బొటనవేలి మీద నీలంగా వెలుగు.

ఎన్ని సంగతులు ఒక్కసారే గుర్తొచ్చాయో దీనమ్మకి. ఆఫీసు నుంచి వచ్చి కూడా గ్యారేజ్‌లో కారు దిగకుండా ఫోన్ చూస్తూ కూర్చోవడం. ఓ వారంపాటు ఏ ఆడమనిషో అనుకుని ఆమె నిద్రపోలేదు. రఘు ఐస్‌బాక్స్‌ని పొగిడినప్పుడల్లా ఈయన మొహంలో మెరిసిన ఆ నవ్వు. ఇంకా ముఖ్యంగా, ప్రతి విందులో ఈయన చెప్పే ఆ కథ. ఇంకో కంపెనీ ఆఫర్ లెటర్ తెచ్చి మేనేజర్ బల్ల మీద పెడితే, ఉన్న కంపెనీ పరుగెత్తుకొచ్చి జీతం పెంచిన కథ. “అడిగితే ఇవ్వరు. పోతున్నామంటే ఇస్తారు,” అని తొడ చరిచి మరీ చెప్పేవాడు.

కొడుకుని కూడా అలాగే బల్ల మీద పెట్టాడు. ఈ కోచ్ మేనేజర్ కాదనీ, ఈ ఆటలో ఆ ఎత్తు తిరగబడుతుందనీ తెలీక. పోనీ, ఆశకొద్దీ చేశాడనుకుందాం. అది క్షమించగలదు. కానీ లాండ్రీ గదిలో తను ఏడుస్తూ నేనే నేనే అంటుంటే, ఆ తప్పు హాయిగా తన నెత్తిన వదిలేసి తల నిమిరాడే! ఆ చెయ్యి గుర్తొచ్చి దీనమ్మకి ఒళ్ళు మండిపోయింది.

“ఆమెన్,” అన్నారు పాస్టర్ గారు. అందరూ ఆమెన్ అన్నారు. దేవకుమార్ ఆమెన్ మిగతావాళ్ళకంటే కాస్త పొడుగ్గా సాగింది.

ఫ్రిజ్ మీద స్టీలు డేక్సా గణగణమంది.

ఎవాన్ ఒక్క అంగలో వంటింట్లోకి వెళ్ళి ఫోన్ తెచ్చాడు.  తొందరలో వేలు ఎక్కడ తగిలిందో, స్పీకర్ ఆన్ అయింది. ఆపడానికి వాడికి చేతులాడలేదు. కోచ్ గొంతు హాలంతా వినిపించింది. మర్యాదగానే ఉంది, కానీ వెచ్చగా లేదు.

ఇండియానా అబ్బాయి ఆ చోటు కోసం వరసలో ఉన్నాడన్నాడు. ఎవాన్ కాలు మీద తనకి అనుమానం లేదనీ, అనుమానమల్లా ఆ ఇంటి మీదేననీ అన్నాడు. ఈ ఫోన్ సంగతి కూడా ఇప్పుడే ఫోరమ్‌లో చూశాట్ట. “ఒక్క ప్రశ్న. నిజం చెప్పు. మీ ఇంట్లోంచి ఇవన్నీ రాస్తున్నది ఎవరు? అది విన్నాకే నీ సీటు సంగతి.”

 ఎవాన్ తండ్రి వంక చూశాడు. దేవకుమార్ కనుబొమలెత్తి, గడ్డంతో వెనక కోట్ల వైపు సైగ చేశాడు. చెప్పు, ఫ్రెండ్ అని చెప్పు.

ఆ సైగ రఘు చూశాడు. టోపీ నలుపుతున్న చేతులు ఆగిపోయాయి. అతను లేవలేదు, అరవలేదు. “చెప్పు బిడ్డా,” అన్నాడు మెల్లగా. “నా పేరు చెప్తే నీ సీటు ఉంటదంటే చెప్పెయ్. నాకేం కాదు.”

ఎవాన్ కళ్ళు నిండాయి. నోరు తెరిచాడు. 

దీనమ్మకి రెండు దారులూ స్పష్టంగా కనబడ్డాయి. ఇప్పుడు నోరు మూసుకుంటే కొడుకు సీటు నిలవచ్చు. అబద్ధం మీద నిలుస్తుంది, అదీ రఘు పేరు మీద. నిజం చెబితే, తండ్రే ఇలాంటివాడని కోచ్ ఆ సీటు ఇండియానాకి ఇచ్చెయ్యొచ్చు. తను కన్న కొడుకు. ఏళ్ళ తరబడి మంచులో తన్నిన కాలు.

సీట్ పోతే నాది పోతుంది డాడీ అన్న పొట్టి మాట చెవిలో మోగింది. అంకుల్ మీద పెట్టి నేను తీసుకోను.

ఆమె లేచి ఎవాన్ చేతిలోంచి ఫోన్ అందుకుంది. “వన్ మినిట్ కోచ్, ప్లీజ్,” అంది. 

కుర్చీల మధ్యనుంచి ముందు వరసకి నడిచింది. దేవకుమార్ ఆమె వస్తున్న తీరు చూసి బైబిల్ గట్టిగా మూసేశాడు. దాని కింద వెలుగు ఇంకా ఆరలేదు. ఆమె చూపు అక్కడే ఉందని అతనికి అర్థమైంది.

“దీనా,” అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా. “వద్దు. అందరూ ఉన్నారు.”

దీనమ్మ ఫోన్‌ని అతని మొహం ముందు పట్టుకుంది.

“ఐస్‌బాక్స్ గారూ,” అంది. “మీకు ఫోన్.”